రాకపోతే అడిగేవారు ఉన్నారా?



క్రిందటి నెలలో ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. పల్నాడులో ఒక చిన్న గ్రామం ఆమెది. భర్త లేడు. మిరప కోతలకు, పత్తి తీయడానికి కూలికి వెళ్ళి ఒక్కగానొక్క కుమారుణ్ణి ఇంజనీరింగు చదివించుకుంది. ఇప్పుడు ఆ బిడ్డ హైదరాబాదులో హైటెక్ సిటీ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. కూర్చుందో లేదో అడిగింది:

"అయ్యగారూ, ఆదివారం గుడికి పోతున్నావా నాయనా అని అడిగితే మా వాడు 'ఫోన్లో ఆరాధన చూస్తున్నానమ్మా' అంటాడు. ఫోన్లో చూస్తే గుడికి పోయినట్టేనా? మీరే చెప్పండి."

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆమె అడిగిన ప్రశ్న వెనుక అడగని ప్రశ్న ఇంకొకటి ఉందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. మజ్జిగ తాగి, కొంగుతో ముఖం తుడుచుకొని, మిగతాది చెప్పింది.

వానాకాలంలో ఆ అబ్బాయికి డెంగ్యూ జ్వరం వచ్చింది. హాస్టల్లో గదికి నలుగురు. ఒకడు సెలవు మీద ఊరికి వెళ్ళాడు. మిగిలిన ఇద్దరివి రాత్రి డ్యూటీలు. తెల్లవారి వచ్చి కర్టెన్లు వేసుకొని పడుకుంటారు, చీకటి పడగానే వెళ్ళిపోతారు. పక్క మంచం మీద దుప్పటి కప్పుకొన్నవాడు నిద్రపోతున్నాడో, జ్వరంతో మూలుగుతున్నాడో వారికి తెలియలేదు. అలా మూడు రోజులు గడిచాయి. చివరికి తలుపు తట్టినవాడు క్రింద కుర్చీ వేసుకొని కూర్చునే వాచ్‌మన్.

"సార్, మూడు దినాల సంది కనవడ్తలేరు. పానం మంచిగ లేదా?" అని అడిగాడట. ఒళ్ళు పట్టి చూసి, ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళి, అబ్బాయి ఫోన్లోనుండి తల్లికి కబురు చేశాడు. ఆమె రాత్రి బస్సు పట్టుకొని వెళ్ళేసరికి ఆ మనిషి మంచం ప్రక్కన కూర్చొని గంజి తాగిస్తున్నాడు.

"ఆయన కూడా మన విశ్వాసేనంట, అయ్యగారూ. వనపర్తి అవతల ఊరంట. ఆదివారం మధ్యాహ్నం ఆ బిల్డింగు సెల్లార్లో పదిమంది వాచ్‌మన్‌లూ, పనివాళ్ళూ కూడి ప్రార్థన చేసుకుంటారంట. మా వాడు పైన నాలుగో అంతస్తులో ఏడాదిగా ఉంటున్నాడు. కింద ప్రార్థన జరుగుతుందనే సంగతే వాడికి తెలవదు. మరి మా వాడి గుడి ఏది? ఫోన్లోదా, సెల్లార్లోదా?"

ఈ నెల మన శీర్షికలో ఆ తల్లి ప్రశ్ననే మీ ముందు పెడుతున్నాను. ఎందుకంటే ఇది ఆమె ఒక్కతె ప్రశ్న కాదు. మీ సంఘములో ఆదివారం ఖాళీగా ఉన్న చాపలను చూడండి. ఆ చాపల మీద కూర్చోవలసిన మన బిడ్డలు చాలామంది అక్కడే ఉన్నారు.

మన బిడ్డలు వెళ్ళిన ఊరు

ఆ ప్రాంతం చూడని తల్లిదండ్రుల కొరకు నాలుగు మాటలు చెబుతాను. ఒకప్పుడు మాదాపూర్ అంటే బండరాళ్ళ గుట్టలు, దుర్గం చెరువు, కొద్దిపాటి ఇళ్ళు. అక్కడ 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ అను గుండ్రని భవనమును ప్రారంభించారు. దాని చుట్టూ పెరిగినదే హైటెక్ సిటీ. తరువాత గచ్చిబౌలి, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ వరకు అద్దాల మేడలు లేచాయి. 2003లో ఆ ప్రాంతమునకు సైబరాబాద్ అను పేరుతో వేరే పోలీసు కమిషనరేటు వచ్చింది. 2019 మార్చిలో అమీర్‌పేట నుండి మెట్రో రైలు హైటెక్ సిటీకి చేరింది. ఆ ఏడాది ఆగస్టులోనే నానక్‌రామ్‌గూడలో అమెజాన్ కంపెనీ తెరచిన ఒక్క భవనములో 15,000 మంది పనిచేయవచ్చునన్నారు. మన గ్రామాలు ఎన్ని కలిపితే అంతమంది అవుతారో మీరే లెక్క చూడండి.

అక్కడ గడియారం కూడా వేరు. అమెరికాలోని న్యూయార్కులో ఉదయం 9 గంటలయితే మనకు వేసవిలో సాయంత్రం 6:30, శీతాకాలంలో 7:30. అక్కడి కంపెనీలకు పనిచేసే బిడ్డ మనము దీపం పెట్టే వేళకు పనిలో కూర్చుంటాడు, మన కోడి కూసే వేళకు నిద్రపోతాడు. కొందరికి వారపు సెలవు ఆదివారం రాదు, మంగళవారమో బుధవారమో వస్తుంది. ఉదయం 10 గంటల ఆరాధన మనకు ఎంత సహజమో వారికి అంత కష్టం. దీనిని మొదట అర్థం చేసుకొని ఆ తరువాత మందలించుదాం.

అక్కడ సంఘములు లేవా అంటే, ఉన్నాయి. మియాపూర్ వైపు 2005లో ఆరంభమైన కల్వరి టెంపుల్ వంటి అతి పెద్ద సంఘములున్నాయి. అద్దె హాళ్ళలోను, పాఠశాలల ఆడిటోరియములలోను కూడుకొనే సంఘములున్నాయి. తెలుగు, ఇంగ్లీషు, హిందీ ఆరాధనలున్నాయి. అపార్టుమెంటు హాల్లో సోఫాలు జరిపి కూడే ఇరవై మంది ఉన్నారు. ఆ సెల్లార్ పదిమంది ఉన్నారు. కాబట్టి అక్కడ చర్చి దొరకదనేది మాట కాదు. వేలమంది మధ్య ఒక బిడ్డ ఒంటరిగా ఉండిపోగలడు, అది అసలు మాట.

మన భాషలో రెండు మాటలున్నాయి

ఇంగ్లీషువారికి 'చర్చి' అను ఒక్క మాటే. కట్టడమూ చర్చే, అందులోని మనుష్యులూ చర్చే. ఆ మాట ప్రభువుకు చెందిన ఇల్లు అను అర్థముగల గ్రీకు మాటనుండి వచ్చింది. మనకు అలా కాదు. కట్టడమును గుడి అంటాము, చర్చి అంటాము, మందిరము అంటాము. మనుష్యులను మాత్రము సంఘము అంటాము. మన తెలుగు బైబిలులో సంఘము అని ఉన్నచోట గ్రీకులో ఎక్లేసియా అని ఉంది. పిలువబడి కూడివచ్చిన జనసమూహము అని దాని భావము. గ్రీకు పట్టణములలో పౌరులు కూడే సభను కూడా ఆ మాటతోనే పిలిచేవారు. ఆ మాటలో గోడ లేదు, గోపురము లేదు, గంట లేదు. మనుష్యులున్నారు.

మొదటి విశ్వాసులకు చాలాకాలము గుడి అను కట్టడమే లేదు. అకుల, ప్రిస్కిల్ల అను భార్యాభర్తల సంగతి మీకు తెలుసు. డేరాలు కుట్టుకొని బ్రతికేవారు. చక్రవర్తి ఆజ్ఞవలన రోమా విడిచి కొరింథుకు, అక్కడనుండి ఎఫెసుకు వెళ్ళారు. పనికొరకు ఊళ్ళు మారిన మన బిడ్డలవంటివారే. వారు కాపురమున్న ఇంట సంఘము కూడినది (1 కొరింథీ 16:19; రోమా 16:5). ఇప్పటివరకు త్రవ్వకములలో బయటపడిన పాత ఆరాధన స్థలములలో ఒకటి సిరియా దేశములోని దురా యూరోపోస్‌లో ఉంది. క్రీ.శ. 240 ప్రాంతములో ఒక మామూలు ఇంటిలో రెండు గదుల మధ్య గోడ తీసివేసి దానిని సిద్ధపరచుకున్నారు. అపార్టుమెంటులో సోఫాలు జరిపే మన పిల్లలు కొత్త పనేమీ చేయడం లేదు.

ఆదివారపు సెలవు సంగతి కూడా ఇంతే. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రీ.శ. 321లో ఆదివారమును విశ్రాంతి దినముగా ప్రకటించువరకు విశ్వాసులకు అది పనిదినమే. పనికి ముందు తెల్లవారుజామునో, పని ముగిసిన తరువాత రాత్రివేళనో వారు కూడుకొనేవారు. కాబట్టి రాత్రి డ్యూటీ దిగి శనివారం ఉదయం 6 గంటలకు నలుగురు బిడ్డలు కూడి ప్రార్థించుకుంటే అది తక్కువ ఆరాధన అని మనము అనరాదు.

అయితే స్థలము మారవచ్చు, సమయము మారవచ్చు గనుక ఏదైనా పరవాలేదా? ఫోనయినా ఒకటేనా? ఇక్కడ కొంచెం నిలిచి ఆలోచించాలి.

మూడవ అంతస్తు నుండి పడిన యౌవనుడు

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో ఐతుకు అను యౌవనుని సంగతి ఉంది (7-12 వచనములు). త్రోయ పట్టణములో ఆదివారము రాత్రి మేడగదిలో సంఘము కూడింది. మరునాడు ప్రయాణము ఉన్నందున పౌలు అర్ధరాత్రి వరకు మాట్లాడుతున్నాడు. గదిలో చాలా దీపాలు వెలుగుతున్నాయి. ఐతుకు కిటికీలో కూర్చొని గాఢనిద్రలో జోగి మూడవ అంతస్తు నుండి క్రిందపడ్డాడు. ఎత్తి చూస్తే ప్రాణం లేదు.

అతనికి నిద్ర ఎందుకు వచ్చిందో లేఖనము చెప్పలేదు. పగలంతా పనిచేసి వచ్చినవాడై ఉండవచ్చు. లేఖనము అతనిని తప్పుపట్టలేదు కూడా. ప్రసంగములో నిద్రపోయినవానికి తగిన శాస్తి జరిగిందని ఆ గదిలో ఎవరూ అనలేదు. పౌలు ప్రసంగము ఆపాడు. మెట్లు దిగాడు. అతనిమీద వంగి కౌగిలించుకొని, ఇతనిలో ప్రాణమున్నది, కంగారు పడవద్దు అన్నాడు. తరువాత పైకి వెళ్ళి రొట్టె విరిచి తెల్లవారువరకు మాటలాడాడు. బ్రతికిన ఆ చిన్నవానిని తీసుకొని రాగా అందరి మనస్సులు కుదుటపడ్డాయి.

ప్రియులారా, సంఘము అంటే ఏమిటో ఈ ఆరు వచనములలో ఉంది. అక్కడ ప్రసంగముంది, రొట్టె విరుచుట ఉంది. వాటితోపాటు ఒకడు పడితే ఆ సంగతి అందరికి తెలిసింది, ప్రసంగము ఆగింది, ఒకరు మెట్లు దిగారు. ఫోనులో ప్రసంగము వినవచ్చు, పాట పాడవచ్చు, కన్నీటితో ప్రార్థన కూడా చేయవచ్చు. కాని ఐతుకు పడితే ఫోనులోని బోధకుడు ప్రసంగము ఆపడు. అది ఆయన తప్పు కాదు. పడినట్లు ఆయనకు తెలియదు.

మన ప్రభువు చెప్పిన గొఱ్ఱెల ఉపమానము (లూకా 15:4-7) గొఱ్ఱెలు కాచిన మీకు నాకంటె బాగా తెలుసు. నూటిలో ఒకటి తప్పిపోయిందని కాపరికి ఎలా తెలిసింది? సాయంత్రం దొడ్డి దగ్గర నిలబడి లెక్కపెట్టుకున్నాడు గనుక. లెక్కపెట్టనివానికి తొంభై తొమ్మిదీ ఒకటే, నూరూ ఒకటే. హెబ్రీ పత్రిక 10:25ను కూడుకొనుట మానవద్దని చెప్పడానికే మనము తరచుగా వాడుతాము. ఆ వచనమే ఒకరినొకరు హెచ్చరించుకొనుటను గురించి కూడా చెబుతుంది. ఎదుటివాడు ఎలా ఉన్నాడో చూడకుండా హెచ్చరించడం ఎలా?

కాబట్టి నాకు అర్థమయినది ఇంతే: నీవు రాకపోతే ఎవరికి తెలుస్తుందో వారే నీ సంఘము.

మన పెద్దలు కూడుకున్న చోట్లు

ఇది కొత్త ఉపదేశము కాదు. మన తెలుగు సంఘముల పుట్టుక చూడండి. 1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడు మైళ్ళకు పైగా పనిని కంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో ఉన్నవారికి కూలి దొరకాలని ఆయన ఉద్దేశము. తెలుగు బోధకులు కూలీల మధ్య ఉంటూ, మధ్యాహ్నం పని నిలిచిన వేళ వారి ప్రక్కన కూర్చొని సువార్త చెప్పారు. తిండికొరకు చేరారనే మాట రాకూడదని కరువు పనులు ముగియువరకు బాప్తిస్మములు ఆపారు. తరువాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు సేవకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చారు. అక్కడ గోపురము లేదు, ఏటి ఒడ్డు ఉంది. ఆ సంఘము కాలువ గట్టున మట్టి తట్టలు మోసినవారి మధ్య పెరిగింది. నేడు హైటెక్ సిటీ మేడలకు ఇటుకలు మోసినవారు, ఆ మేడల గేట్ల దగ్గర రాత్రంతా నిలబడేవారు ఆ తట్టలు మోసినవారికి దాయాదులే. వారు సెల్లార్లో కూడుకుంటే మనకు వింత అనిపించకూడదు.

అలాగని కట్టడములు వద్దని నేను చెప్పడం లేదు. మెదక్ గుడి చూడండి. పోస్నెట్ దొరగారు కరువుకాలములో ప్రజలకు పని, అన్నము దొరకునట్లు దాని కట్టుబడిని నడిపించారు. 1924 డిసెంబరు 25న దానిని ప్రతిష్ఠించారు. నూరేళ్ళు దాటినా ప్రజలు దానిని ప్రేమించడానికి దాని 170 అడుగులకు మించిన గోపురము ఒక్కటే కారణము కాదు. ఆకలిగొన్న ఇళ్ళలో దానివలన పొయ్యి వెలిగింది. రాళ్ళకు ముందు మనుష్యులు కనబడిన గుడి అది.

హైదరాబాదులోనే ముషీరాబాద్ దగ్గర గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను ఉంది. దానిని నడిపించిన బక్తసింగ్ గారు పంజాబులో సిక్కు కుటుంబమున పుట్టి, లండనులోను, కెనడాలోను ఇంజనీరింగు చదివినవారు. మన పిల్లలవలెనే పరదేశములో ఒంటరిగా బ్రతికినవారు. 2000 సెప్టెంబరు 17న ప్రభువునందు నిద్రించారు. ఆయన కూటములలో కుర్చీలు లేవు. డాక్టరైనా, కూలివాడైనా చాపమీదనే కూర్చోవాలి. ఆరాధన తరువాత అందరూ బంతి కూర్చొని ఒకే అన్నము తినాలి. దానిని ప్రేమవిందు అనేవారు. ప్రక్క ప్రక్కన కూర్చొని తిన్నవారిలో వచ్చే వారము ఒకరు రాకపోతే రెండవవారికి తెలియకుండా ఉంటుందా?

కొరింథులో ఈ బంతి దగ్గరే తప్పు జరిగింది (1 కొరింథీ 11:20-34). ఉన్నవారు ముందే తిని త్రాగారు. లేనివారు ఆకలితో మిగిలారు. పౌలు వారిని గట్టిగా గద్దించి, ఒకరికొరకు ఒకరు ఆగి కలిసి తినమని చెప్పాడు. ఆదివారం ఉదయం డ్యూటీలో నిలబడి మధ్యాహ్నానికి గాని విడుదల కాని ఆ వాచ్‌మన్ కొరకు ఏసీ హాలులోని సంఘము ఆగుతుందా? నాలుగవ అంతస్తులోని ఇంజనీరు సెల్లార్ మెట్లు దిగుతాడా? హైటెక్ సిటీలో సంఘమునకు పరీక్ష ఇదే.

ఫోనును నిందించకండి

ఫోను వలన మేలు పొందినవారము మనమే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆ ఏప్రిల్ 12 నాటి ఈస్టరును ఇళ్ళలోనే జరుపుకున్నాము. జూన్ 8న గుడులు తిరిగి తెరిచేవరకు ఎంతోమంది పాస్టర్లు ఫోన్లోనే ధైర్యం చెప్పారు. మంచం పట్టిన అవ్వకు, ఎడారి దేశములో వంటపనికి వెళ్ళిన చెల్లెలికి, రాత్రి పనిలో ఉన్న బిడ్డకు నేటికీ ఫోను మేలుచేస్తోంది.

అయితే ఆ రోజులలో ఇంకొకటి కూడా చూశాము. కంపెనీలు ఇంటినుండే పనిచేయమన్నందున మన సాఫ్ట్‌వేర్ బిడ్డలు లాప్‌టాప్‌లు పట్టుకొని ఊళ్ళకు వచ్చారు. సిగ్నలు కొరకు డాబాలెక్కారు. గుడి తెరిచాక మళ్ళీ చాపమీద కూర్చున్నారు. కొందరు యవ్వనస్థుల కూటములు నడిపారు, పిల్లలకు ఇంగ్లీషు చెప్పారు. తరువాత ఆఫీసులు పిలిచాయి, వెళ్ళిపోయారు. వెళ్ళేనాడు మనము ఏమి చేశాము? బస్టాండు దాకా వెళ్ళి పచ్చడి జాడీ చేతికిచ్చాము. సంఘముగా మాత్రము ఏమీ ఇవ్వలేదు.

మన వంతు

ఫీబే అను సహోదరి కెంక్రేయనుండి రోమాకు వెళ్ళినప్పుడు పౌలు ఆమెను గురించి అక్కడి విశ్వాసులకు వ్రాశాడు: ఈమెను చేర్చుకొనండి, ఈమెకు అవసరమైన దానిలో సహాయము చేయండి అని (రోమా 16:1-2). ఆ తరువాత అదే అధ్యాయములో ఇరవైకి పైగా పేర్లు పెట్టి వందనములు చెప్పాడు. అంత పెద్ద పట్టణములో ఎవరు ఎక్కడ ఉన్నారో ఆయనకు తెలుసు. మన సంఘ పెద్దలకు హైదరాబాదులోని మన బిడ్డల పేర్లు ఎన్ని తెలుసు?

కొన్ని చిన్న పనులు చెబుతాను. డబ్బు ఖర్చులేనివి.

బిడ్డ ఊరు విడిచేముందు ఆదివారం సంఘము ఎదుట నిలబెట్టి ప్రార్థించండి. పాస్టరుగారు ఒక ఉత్తరము వ్రాసి చేతికివ్వాలి. అక్కడ ఏ సంఘములోనైనా, ఏ గృహకూటములోనైనా దానిని చూపించి తన పేరు, గది, ఫోను నంబరు చెప్పమనండి. పేరు చెప్పనివానిని ఎంత మంచి సంఘమైనా వెదకలేదు.

సంఘములో ఒక నోటు పుస్తకము పెట్టండి. బయట ఊళ్ళలో ఉన్న ప్రతి బిడ్డ పేరు, డ్యూటీ వేళలు, సెలవు దినము, దగ్గరలో ఉన్న ఒక విశ్వాసి నంబరు అందులో ఉండాలి. ఒక్కొక్క బిడ్డను ఒక్కొక్క కుటుంబమునకు అప్పగించండి. వారానికి ఒకసారి ఫోను చేసి, "గుడికి పోయావా?" అని అడగడానికి ముందు "అన్నం తిన్నావా? ఒంట్లో ఎలా ఉంది?" అని అడగండి. ఉద్యోగం పోయిన పిల్లలు చాలామంది ఆ సంగతి ఇంట్లో చెప్పరు. అప్పుచేసి చదివించిన అమ్మకు ఏ ముఖంతో చెప్పాలని మింగుకుంటారు. దండించనివారని తెలిస్తేనే నోరు విప్పుతారు.

ఇంకొక మాట చెప్పడం నాకు బాధగా ఉంది, అయినా చెప్పాలి. ఒక యవ్వనస్థుని "గుడికి ఎందుకు వెళ్ళడం లేదు?" అని నేను అడిగినప్పుడు, "అయ్యగారూ, మన ఊరి గుడిలో కమిటీ ఎన్నికనాడు చొక్కాలు పట్టుకోవడం చూశాను. ఆ పేట వాళ్ళు వస్తే ఈ పేట వాళ్ళు లేచిపోవడం చూశాను. హైదరాబాదులో నన్ను ఎవరూ ఏ పేట అని అడగరు. అందుకే హాయిగా ఉంది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మన బిడ్డలు సంఘమును విడిచిపెట్టారని పట్టణమును నిందిస్తున్నాము. కొందరు బస్సెక్కక మునుపే మనలను విడిచిపెట్టారు. అలసినవారికి చోటులేని గుడి మనదైతే, వారు చాపమీదనుండి ఫోనులోనికి పోవడములో ఆశ్చర్యమేముంది?

ఆ తల్లికి ఇచ్చిన జవాబు

ఆ తల్లికి నేను ఇలా చెప్పాను: "అమ్మా, ఫోన్లో మీ వాడు విన్నది దేవుని వాక్యమే. దానిని తక్కువ చేయను. కాని మూడు రోజులు కనబడకపోతే మెట్లెక్కి వచ్చిన ఆ మనిషి చేసినది సంఘము చేసే పని. మీ వాడు గుడి ఎక్కడని వెదకనక్కరలేదు. నాలుగు అంతస్తులు క్రిందికి దిగితే చాలు. దిగి ఊరకే కూర్చోవద్దని చెప్పు. అక్కడ చదువురాని వారికి బైబిలు చదివి వినిపించమను. వారిలో ఎవరైనా ఒక ఆదివారం రాకపోతే ఈసారి వాడు వెళ్ళి తలుపు తట్టాలి."

పది రోజుల తరువాత ఆమె ఫోను చేసింది. అబ్బాయి ఒక ఆదివారం దిగాడట. మొదట ఆ మనుష్యులు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారట. తాము మాత్రము అట్టల మీద కూర్చున్నారు. "నేను కూడా అట్ట మీదనే కూర్చున్నానమ్మా" అని చెప్పాడట. ఆ మాట చెప్పి ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు.

అతడు ప్రతి వారము దిగుతాడో లేదో నాకు తెలియదు. రాత్రి డ్యూటీ, నిద్ర, స్నేహితులు, అలసట ఉన్నాయి. అయితే దిగని వారము ఎవరో ఒకరు పైకి వస్తారని నమ్ముచున్నాను.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. మన సంఘమునుండి పట్టణమునకు వెళ్ళిన బిడ్డల పేర్లు ఎన్ని చెప్పగలము? వారిలో ఎవరితో ఈ నెలలో మాట్లాడాము?

2. క్రిందటి ఆదివారము గుడికి రానివారెవరు? వారి ఇంటికి ఎవరు వెళ్ళారు?

3. మన గుడిలో ఎవరైనా ప్రక్కన కూర్చోవడానికి జంకుతున్నారా? ఎందువలన?

ప్రార్థన: పేరుపెట్టి పిలిచే మంచి కాపరీ, దూరమున ఉన్న మా బిడ్డలను నీ చేతికి అప్పగించుచున్నాము. వారు పడినచోటికి మెట్లు దిగి వెళ్ళే మనుష్యులను వారికి దయచేయుము. మేము కూడా ఎవరో ఒకరి బిడ్డకు అట్టి మనుష్యులమగునట్లు సహాయము చేయుము. ఆమేన్.

ప్రభువు చిత్తమైతే వచ్చే నెల మరల కలుసుకుందాం.